చేప విత్తనోత్పత్తిలో వెలుతురు, ఉష్ణోగ్రతల పాత్ర: హార్మోన్ల లయపై అవగాహన అవసరం

హైదరాబాద్: తెలంగాణలోని చెరువులు, కుంటలు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో నిండుతాయి. చిన్న చెరువులలో నీరు నిలిచేది ఆరు నుంచి తొమ్మిది నెలలు మాత్రమే. ఈ వ్యవధిలోనే చేప పిల్ల ఎదిగి, అమ్మకానికి తగిన బరువుతో మత్స్యకారుని వలకు చిక్కవలసి ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వం 2016-17లో నూరు శాతం రాయితీపై చేప పిల్లల పంపిణీని ప్రారంభించినప్పుడు, కాలానుగుణ చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాది పొడవునా నీరుండే చెరువులకు, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలను నిర్దేశించిన సంగతి విదితమే. పిల్ల చిన్నదైతే పెద్ద నీటిలో ఇతర చేపలకు ఆహారమైపోతుంది. ఆలస్యంగా చేరితే ఎదిగే వ్యవధి తరిగిపోతుంది.

చిక్కు ఇక్కడే ఉన్నది. బొచ్చె, రోహు, మోసు చేపలు సహజంగా గుడ్లు పెట్టేది జూన్ నుంచి ఆగస్టు వరకు, అనగా వర్షాలు కురిసే రోజులలోనే. జులై నడుమ పుట్టిన పిల్ల నర్సరీ చెరువులో పదిహేను, ఇరవై రోజులు పెరిగి అంగుళం పొడవు అందుకుంటుంది. అక్కడి నుంచి 80 మిల్లీమీటర్లు దాటాలంటే మరి రెండు, మూడు నెలలు పడుతుంది. అంటే జలాశయానికి తగిన పిల్ల అక్టోబరు, నవంబరు మాసాలకు గాని సిద్ధం కాదు. నీరు వచ్చే నెలకు పిల్ల అందాలంటే తల్లి చేప ఏప్రిల్, మే నెలలలోనే గుడ్లకు సిద్ధపడాలి. తల్లి చేప సిద్ధమయ్యేది ఎవరో ఆదేశించినందువల్ల కాదు. దాని మెదడులో మొదలై పీయూష గ్రంథి మీదుగా అండాశయానికి చేరే హార్మోన్ల వరుస క్రమం వల్ల. ఆ క్రమాన్ని కదిలించే రెండు ప్రధాన సంకేతాలు వెలుతురు, ఉష్ణోగ్రత. చేప విత్తనం సరఫరా తేదీలను నిర్ణయించే అధికారులకు, ఆ సరఫరా ఎందుకు ఆలస్యమైనదని ప్రశ్నించే పాత్రికేయులకు ఈ విషయం తెలిసి ఉండటం అవసరం.

హైదరాబాద్ తూర్పు ప్రాంతంలోని ఏఎస్ రావు నగర్ ఈ రెండు సంకేతాలనూ గమనించడానికి అనువైన చోటు. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) 1967లో ఏర్పడిన తరువాత ఆ సంస్థ ఉద్యోగుల నివాసాలతో రూపుదిద్దుకొని, సంస్థ వ్యవస్థాపకులు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పేరు పెట్టుకొన్న కాలనీ ఇది. కాలనీని ఆనుకొనే కాప్రా ప్రాంతం, కాప్రా చెరువు ఉన్నాయి. ఒకప్పుడు పొలాల నడుమ ఉన్న ఈ చెరువు నేడు భవనాలు, రహదారుల మధ్య ఉన్నది. ఆదివారం ఉదయం ఈ కాలనీ వీధులలో అమ్ముడయ్యే బొచ్చె, రోహు చేపలు తెలంగాణ చెరువుల నుంచి కొంత, కొల్లేరు పరిసరాలైన కైకలూరు, భీమవరం ప్రాంతాల నుంచి ఎక్కువగా మంచు పెట్టెలలో వస్తాయి. కొనేవారు మొప్పల ఎరుపు చూస్తారు. ఆ చేప పుట్టుక వెనుక ఉన్న ఎండ, చీకటి లెక్క ఎవరికీ కనబడదు.

పగలు ఎంత, రాత్రి ఎంత

హైదరాబాద్ ఉత్తర అక్షాంశం పదిహేడున్నర డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉన్నది. ఇక్కడ జూన్ మూడో వారంలో పగటి నిడివి సుమారు 13 గంటల 10 నిమిషాలు. డిసెంబరు మూడో వారంలో 11 గంటలకు కొద్ది నిమిషాలు ఎక్కువ. ఏడాది మొత్తంలో తేడా రెండు గంటలకు కొంచెం పైన మాత్రమే. నార్వేలోని సాల్మన్ చేపల కేంద్రాలలో వేసవి పగలు పద్దెనిమిది, పందొమ్మిది గంటలకు పెరిగి శీతాకాలంలో ఆరు గంటలకు పడిపోతుంది. అందువల్ల చల్లని దేశాల చేపలకు పగటి నిడివే ప్రధాన పంచాంగమైనది. మన ప్రాంతపు చేపలకు పగటి నిడివి ఒక సంకేతమే గాని, దానికి తోడు నీటి వేడిమి, వాన, నీటి ప్రవాహం కూడ కలిసినప్పుడే పంచాంగం పూర్తి అవుతుంది. విదేశీ పుస్తకాలలోని దీపాల పట్టికను యథాతథంగా తెచ్చి మన హేచరీలో అమలు చేస్తే ఫలితం రాకపోవడానికి ఇదే కారణం.

చేప వెలుతురును కంటితో మాత్రమే గ్రహించదు. పుర్రె పైభాగంలో, పలుచని ఎముక కింద పీనియల్ గ్రంథి ఉంటుంది. మనుషులలో ఈ గ్రంథికి వెలుతురు సమాచారం కంటి ద్వారా అందవలసిందే. చేపలలో మాత్రం ఈ గ్రంథిలోనే వెలుతురును నేరుగా పసిగట్టే కణాలున్నాయి. చీకటి పడగానే ఇది మెలటోనిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది, తెల్లవారగానే ఆపివేస్తుంది. రాత్రి ఎంత పొడవైతే మెలటోనిన్ అంత సేపు ఉంటుంది. ఈ విధంగా చేప శరీరం ప్రతి రాత్రినీ కొలిచి, ఋతువు ఏదో తెలుసుకొంటున్నది.

ఉష్ణోగ్రత పాత్ర వేరు. మెలటోనిన్ తయారీకి అవసరమైన ఎంజైము ప్రతి జాతిలోనూ ఆ జాతికి ఇష్టమైన వేడిమిలోనే చురుకుగా పనిచేస్తుంది. చల్లని నీటి ట్రౌట్ చేపలో ఇది 12 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఉష్ణ ప్రాంతపు జీబ్రా చేపలో 30 డిగ్రీల సమీపాన గరిష్ఠ స్థాయిలో ఉన్నట్లు పరిశోధకులు గుర్తించారు. రాత్రి ఎంతసేపో వెలుతురు చెబుతుంది. ఆ రాత్రి చల్లనిదో, వెచ్చనిదో హార్మోన్ మోతాదు చెబుతుంది. చేప ఈ రెండింటినీ కలిపి చదువుతుంది.

ఇంకొక విశేషమూ ఉన్నది. 2000 సంవత్సరంలో జీబ్రా చేపలపై జరిగిన పరిశోధనలో, శరీరం నుంచి వేరు చేసి గాజు పాత్రలో ఉంచిన గుండె, మూత్రపిండం కూడ వెలుతురుకు స్పందించి తమ గడియారాన్ని సరిదిద్దుకొంటాయని తేలింది. అనగా చేపలో జీవ గడియారం మెదడుకే పరిమితం కాదు. జీవ గడియారపు జన్యువులను ఈగలలో కనుగొన్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. లక్షల సంవత్సరాలుగా చీకటి గుహలలో బతుకుతున్న సోమాలియా గుడ్డి చేపలో ఈ గడియారం వెలుతురును పూర్తిగా మరచిపోయి, మేత వేళలను బట్టి మాత్రమే సర్దుకొంటున్నదని 2011లో వెల్లడైంది. చేపల పెంపకందారులకు ఇందులో పనికివచ్చే సూచన ఉన్నది: మేత వేళ కూడ ఒక గడియారమే. రోజుకొక వేళ మేత వేసే చెరువులో చేప ఆకలి, జీర్ణరసాలు దేనికి సిద్ధపడాలో తెలియని స్థితిలో ఉంటాయి.

మెదడు నుంచి అండాశయం వరకు

ఋతువు సంకేతం అందిన తరువాత మెదడులోని హైపోథాలమస్ భాగం గొనాడోట్రోపిన్ విడుదల హార్మోన్‌ను స్రవిస్తుంది. అది పీయూష గ్రంథిని తట్టి రెండు హార్మోన్లను విడుదల చేయిస్తుంది. మొదటిది ఎఫ్‌ఎస్‌హెచ్. శీతాకాలం ముగిసి నీరు వేడెక్కే వేళ ఇది అండాశయాన్ని మేల్కొలుపుతుంది. అండాశయం ఈస్ట్రడయోల్‌ను తయారుచేస్తుంది. దాని ఆదేశంతో కాలేయం పచ్చసొన మాంసకృత్తును ఉత్పత్తి చేసి రక్తం ద్వారా గుడ్లకు పంపుతుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు తల్లి చేప పొట్ట నిండుతున్నదంటే జరుగుతున్న పని ఇదే. రెండవది ఎల్‌హెచ్. గుడ్లు పూర్తిగా నిండిన తరువాత ఇది ఒక్కసారిగా ఉప్పెనలా పెరిగితేనే గుడ్లు పక్వమై విడుదలవుతాయి.

బొచ్చె, రోహు, మోసు చేపలు నిలవ నీటి చెరువులో పొట్ట నిండా గుడ్లతో ఉండి కూడ గుడ్లు పెట్టకపోవడానికి కారణం ఈ రెండవ మెట్టు దగ్గరే ఉన్నది. మెదడు నుంచి వచ్చే డోపమిన్ ఎల్‌హెచ్ విడుదలకు అడ్డుకట్టగా నిలుస్తుంది. వరద నీరు, ప్రవాహం, ఉష్ణోగ్రతలో హఠాత్తు తగ్గుదల వంటి సంకేతాలు కలిసి వచ్చినప్పుడే ఆ అడ్డుకట్ట తొలగుతుంది. ప్రవాహం లేని చెరువులో ఆ సంకేతం రాదు. బంగారు తీగ చేపకు ఇంత పట్టింపు లేదు. నీరు తగిన వెచ్చదనానికి వచ్చి, అంటుకోవడానికి నాచు దొరికితే చాలు, చెరువులోనే గుడ్లు పెడుతుంది.

ఈ అడ్డంకిని భారతదేశంలో తొలిసారి అధిగమించినది 1957 జులై 10న. ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులు ఇతర చేపల పీయూష గ్రంథి రసాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి గండుమీనుల చేత గుడ్లు పెట్టించారు. అంతవరకు మత్స్య రైతులు గంగ, బ్రహ్మపుత్ర వంటి నదులలో వరద వేళ వలలతో పట్టిన పిల్లలపైనే ఆధారపడేవారు. ఆ పిల్లలలో ఏది రోహు, ఏది పనికిరాని జాతి అన్నది వేలెడు పొడవు పెరిగాక గాని తేలేది కాదు. ఆ తేదీనే ఏటా జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకొంటున్నారు. కొల్లేరు పరిసరాలు, పశ్చిమ గోదావరి జిల్లా గండుమీనుల సాగుకు దేశంలోనే పేరుపొందడం వెనుక ఆనాటి ఇంజెక్షన్ ఉన్నది.

పీయూష గ్రంథి పద్ధతిలో తల్లి చేపకు కిలో బరువుకు 2 నుంచి 3 మిల్లీగ్రాముల గ్రంథి ద్రావణం మొదటి మోతాదుగా, ఆరు గంటల తరువాత 5 నుంచి 8 మిల్లీగ్రాములు రెండవ మోతాదుగా ఇచ్చేవారు. నేడు హేచరీలు అధికంగా ఉపయోగిస్తున్న ఓవాప్రిమ్ వంటి మందులలో సాల్మన్ చేప హార్మోన్‌కు కృత్రిమ రూపం, దానితోపాటు డోపమిన్‌ను అడ్డుకొనే డోంపెరిడోన్ ఉంటాయి. ఒకటి తలుపు తడుతుంది, రెండవది గడియ తీస్తుంది. రోహుకు కిలోకు 0.3 నుంచి 0.4 మిల్లీలీటర్లు, బొచ్చెకు 0.4 నుంచి 0.5 మిల్లీలీటర్లు ఒకే మోతాదు సరిపోతుంది.

అయితే ఒక సంగతి హేచరీ నిర్వాహకులలో అందరూ గ్రహించినట్లు కనబడదు. ఇంజెక్షన్ చివరి మెట్టును మాత్రమే దాటించగలదు. జనవరి నుంచి మే వరకు వెలుతురు, వేడిమి, మేత కలిసి చేయవలసిన పనిని అది చేయదు. సగం నిండిన గుడ్లున్న తల్లి చేపకు మోతాదు పెంచి ఇస్తే గుడ్లు రాకపోవచ్చు, లేదా వచ్చిన గుడ్లు ఫలదీకరణ చెందకపోవచ్చు. తొందరపడి మే మొదటి వారంలోనే మోతాదుపై మోతాదు ఇచ్చి, ఆ తల్లి చేపలు జులైలో కూడ పనికిరాకుండా పోయాయని వాపోవడం కంటె, ఆ డబ్బును ఫిబ్రవరిలో మేతపై, నీటి లోతుపై వెచ్చించడం మేలు.

సాయంత్రపు ఇంజెక్షన్ వెనుక శాస్త్రం

హేచరీలలో సూది మందును సాయంత్రం వేళ ఇవ్వడం చిరకాలంగా వస్తున్న ఆచారం. వేడిమి తగ్గుతుందని, చేప అలసిపోదని చెబుతారు. అది నిజమే. అంతకు మించిన కారణం కూడ ఉన్నది. గండుమీనుల కుటుంబానికే చెందిన బంగారు చేప (గోల్డ్ ఫిష్)లో ఎల్‌హెచ్ ఉప్పెన తరువాత గుడ్ల విడుదల సహజంగా రాత్రి రెండవ భాగంలో జరిగి, తెల్లవారే వేళకు గుడ్లు పెట్టడం పూర్తవుతుంది. జపాన్ వరి మళ్ళలోని మెడాకా చేప వెలుతురు వచ్చిన గంటలోపే గుడ్లు పెడుతుంది. 27 నుంచి 29 డిగ్రీల నీటిలో రోహుకు సాయంత్రం ఇంజెక్షన్ ఇస్తే పది, పన్నెండు గంటల తరువాత తెల్లవారుజాముకే గుడ్లు వస్తాయి. మందు గడియారం, చేప సొంత గడియారం రెండూ ఒకే వేళ మోగుతాయన్నమాట.

గుడ్డు పొదిగే వేగం కూడ ఉష్ణోగ్రత చేతిలోనే ఉన్నది. 27, 28 డిగ్రీల నీటిలో రోహు గుడ్డు 14 నుంచి 18 గంటలలో పిల్లగా మారుతుంది. నీరు 24 డిగ్రీలకు దిగితే ఎక్కువ సేపు పడుతుంది. 31 డిగ్రీలు దాటితే త్వరగా పొదిగినా, వంకర వెన్నుతో పుట్టే పిల్లల సంఖ్య, మరణాలు పెరుగుతాయి.

భారతీయ పరిశోధనలు చెబుతున్నది

ఉష్ణ ప్రాంతపు చేపలలో వెలుతురు ముఖ్యమా, వేడిమి ముఖ్యమా అన్న ప్రశ్నకు మన దేశంలో అర్ధ శతాబ్దిగా సమాధానం వెదుకుతున్నారు. 1970లలో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బి.ఐ. సుందరరాజ్, ఆయన సహచరులు సింగీ జాతి జెల్ల చేపపై సుదీర్ఘ అధ్యయనం చేశారు. నీరు వెచ్చగా ఉంటే పగలు చిన్నదైనా అండాశయం ఎదిగింది. నీరు చల్లగా ఉంటే పగలు పెద్దదైనా ఎదుగుదల అంతగా లేదు. పెద్ద పగలు, వెచ్చని నీరు రెండూ కలిస్తే ఫలితం మెరుగైంది. ఎడతెగని చీకటిలో లేదా ఎడతెగని వెలుతురులో ఉంచినా అండాశయం ఏడాదికొకసారి ఎదిగి తగ్గే లయను పూర్తిగా వదలలేదు. అంటే సంవత్సరపు గడియారం చేప లోపలే ఉన్నది. వెలుతురు, వేడిమి దానిని ముందుకో వెనుకకో జరుపుతాయి.

బొచ్చె చేపపై పశ్చిమ బెంగాల్‌లోని విశ్వభారతిలో ప్రొఫెసర్ సౌమేన్ కుమార్ మైత్రా బృందం చేసిన పరిశోధనలు ఈ విషయంలో ఎన్నదగినవి. మెలటోనిన్ ప్రభావం ఏడాది పొడవునా ఒకే విధంగా ఉండదని, అండాశయం ఏ దశలో ఉన్నదో దానిని బట్టి ప్రభావం మారుతుందని ఆ బృందం చూపింది. పగటి నిడివిని కృత్రిమంగా పెంచడం వల్ల ప్రయోజనం కలిగేది ప్రధానంగా శీతాకాలాంతపు సన్నాహక దశలోనే. గుడ్లు పెట్టి అలసిన చేపకు దీపాలు వెలిగించి ప్రయోజనం లేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ బి. సెంథిల్‌కుమరన్ బృందం జెల్ల జాతి చేపలలో మెదడుకు, బీజకోశాలకు నడుమ గల హార్మోన్ల సంబంధంపై విస్తృతంగా కృషి చేసింది.

భువనేశ్వర్ సమీపంలోని కౌసల్యాగంగ వద్ద గల కేంద్రీయ మంచినీటి జలచరాల పరిశోధన సంస్థ (సిఫా) ఈ జ్ఞానాన్ని హేచరీ స్థాయికి తీసుకొచ్చింది. పగటి నిడివిని, నీటి ఉష్ణోగ్రతను నియంత్రించి గండుమీనుల చేత ఋతువు కాని ఋతువులో గుడ్లు పెట్టించిన ప్రయోగాన్ని ఆ సంస్థ శాస్త్రవేత్తలు 2010లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించారు. తల్లి చేపల కోసం ప్రత్యేకంగా సిఫాబ్రూడ్ అనే మేతను కూడ సిఫా రూపొందించింది. వెలుతురు, వేడిమి ఆదేశమిచ్చినా పచ్చసొనకు కావలసిన కొవ్వు, మాంసకృత్తులు మేతలో లేకపోతే కాలేయం ఏమి పంపగలదు? సిఫాకు విజయవాడలో ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉన్నది. సముద్రపు చేపల విషయంలో కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విశాఖపట్నం కేంద్రం పాంపనో, బొంత జాతుల తల్లి చేపలను నీటిని శుద్ధి చేసి తిరిగి వాడే తొట్లలో పెంచి విత్తనోత్పత్తి సాధించింది.

వేసవి మితిమీరితే

వేడిమి మేలు చేస్తుందన్నది సగం సత్యమే. ఏప్రిల్ వరకు పెరిగే వేడిమి అండాశయాన్ని ఎదిగిస్తుంది. మే నెలలో లోతు తక్కువ చెరువులో పై నీరు 34, 35 డిగ్రీలకు చేరి అక్కడే వారాల తరబడి నిలిస్తే కథ తిరగబడుతుంది. అధిక వేడిమిలో ఈస్ట్రడయోల్‌ను తయారుచేసే అరోమటేజ్ అనే ఎంజైము మందగిస్తుంది. పచ్చసొన సరఫరా తగ్గుతుంది. నిండిన గుడ్లను శరీరం తిరిగి పీల్చుకొంటుంది. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో సాల్మన్ తల్లి చేపలను వేసవిలో 22 డిగ్రీల నీటిలో ఉంచినప్పుడు ఈస్ట్రడయోల్, పచ్చసొన మాంసకృత్తు తగ్గి గుడ్ల నాణ్యత పడిపోయినట్లు నమోదైంది. సాల్మన్‌కు 22 డిగ్రీలు అధికమైతే రోహుకు హద్దు వేరు. పనిచేసే సూత్రం ఒక్కటే. నైరుతి ఋతుపవనాలు రెండు, మూడు వారాలు ఆలస్యమైన ఏడాది హేచరీలలో తల్లి చేపల పొట్ట జూన్ చివరికి మెత్తబడి, ఇంజెక్షన్‌కు స్పందించకపోవడానికి ప్రధాన కారణం ఇదే. విత్తనం కొరత ఏర్పడినప్పుడు సరఫరాదారుని నిర్లక్ష్యంతోపాటు ఆ ఏడాది మే నెల ఉష్ణోగ్రతలను కూడ పరిశీలించడం సమంజసం.

వేడిమి లింగాన్ని కూడ మార్చగలదు. నైలు తిలాపియా పిల్లలను పుట్టిన పదో రోజు ప్రాంతం నుంచి కొన్ని వారాలపాటు 35, 36 డిగ్రీల నీటిలో ఉంచితే, ఆడవి కావలసిన పిల్లలలో చాలా భాగం మగవిగా ఎదుగుతాయి. ఐరోపా సముద్రపు పండుగప్ప జాతిలో తొలి దశలోని వేడిమి అరోమటేజ్ జన్యువుపై రసాయన ముద్ర వేసి దానిని అణచివేస్తుందని 2011లో స్పెయిన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. తిలాపియాలో మగ చేపలు వేగంగా ఎదుగుతాయి గనుక రైతుకు ఇది లాభమే. తల్లి చేపలుగా ఎంపిక చేయవలసిన జాతులలో అదే నష్టం.

రాత్రి దీపాలు, చెరువులు

ఇక నగర చెరువుల విషయం. హైదరాబాద్‌లో 2017 నుంచి వీధి దీపాలను పెద్ద ఎత్తున ఎల్‌ఈడీలుగా మార్చారు. విద్యుత్ ఆదా అయింది, వీధులు వెలిగాయి. కాప్రా వంటి చెరువుల చుట్టూ రహదారులు, దుకాణాల బోర్డులు, భవనాల దీపాలు తోడై ఒకప్పుడు చీకటిగా ఉన్న నీటిపై రాత్రంతా వెలుతురు పడుతున్నది. నిండు పున్నమి వెన్నెల 0.3 లక్స్‌కు మించదు. దీప స్తంభం కింద నేలపై వెలుతురు పది, పదిహేను లక్స్‌ల దాకా ఉంటుంది.

బెర్లిన్‌లోని మంచినీటి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2015లో ప్రకటించిన అధ్యయనంలో, పెర్చ్ చేపలపై రాత్రి కేవలం ఒక లక్స్ వెలుతురు పడినా మెలటోనిన్ గణనీయంగా తగ్గింది. 2020లో అదే సంస్థ నుంచి వెలువడిన మరొక అధ్యయనంలో 0.01 లక్స్ వెలుతురు కూడ ఆ హార్మోన్‌ను తగ్గించింది. నగరం మీది ఆకాశం మెరిసే మాత్రపు కాంతి అది. 2018లో ఆరుబయట నీటిలో జరిపిన పరిశీలనలో పెర్చ్, రోచ్ చేపలలో బీజకోశాలను ప్రేరేపించే హార్మోన్లు, లైంగిక హార్మోన్లు తగ్గినట్లు తేలింది. ఒత్తిడి హార్మోన్ కార్టిసోల్‌లో మాత్రం 2015 ప్రయోగంలో మార్పు కనిపించలేదు; చేప పైకి హాయిగానే ఉన్నట్లు తోస్తుంది. పెర్చ్ వేరు, బొచ్చె వేరు. రాత్రిని కొలిచే పీనియల్ గ్రంథి మాత్రం రెండింటిలో ఒకే తీరుగా వెలుతురును గ్రహిస్తుంది. మన చెరువులలో ఆకుపచ్చని, బురద కలిసిన నీరు పై అడుగు, రెండు అడుగులలోనే వెలుతురును చాలా వరకు మింగివేస్తుంది గనుక లోతున ఉండే చేపకు కొంత రక్షణ ఉన్నది. ఒడ్డున తిరిగే చేపలకు ఆ రక్షణ తక్కువ.

చెరువు గట్టుపై నడకదారి దీపాలు అమర్చే అధికారులు దీపం ముఖాన్ని నీటి వైపు గాక నేల వైపు తిప్పడం, పైన కప్పు ఉన్న దీపాలను వాడడం, అర్ధరాత్రి తరువాత వెలుతురు తగ్గించడం వంటి చర్యలకు అదనపు వ్యయం స్వల్పం.

షెడ్డులలో పెంపకం

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020లో మొదలైన తరువాత నీటిని శుద్ధి చేసి తిరిగి వాడే తొట్లు, బయోఫ్లాక్ తొట్లు నగర శివార్లకు, ఇంటి ఆవరణలకు కూడ వచ్చాయి. వీటిలో రాష్ట్ర చేప అయిన కొర్రమీనును, ఫంగాసియస్‌ను, తిలాపియాను పెంచుతున్నారు. రేకుల షెడ్డులో ఎండ ఉండదు, ఋతువు తెలియదు; ఏ వెలుతురున్నా అది మనిషి మీట నొక్కగా వచ్చినదే. రాత్రి పదకొండు గంటలకు కాపలాదారు లోనికి వచ్చి పెద్ద దీపం వేసి అర గంట ఉంచితే, ఆ అర గంటలో పడిపోయిన మెలటోనిన్ ఆ రాత్రి లయను చెదరగొడుతుంది. చీకటిలో ఉన్న చేపపై హఠాత్తుగా వెలుతురు పడితే ఎగిరి గోడలకు గుద్దుకోవడం, మరునాడు మేత ముట్టకపోవడం కూడ పెంపకందారులకు అనుభవమే.

ఇందుకు వంద రూపాయల లెక్కలో దొరికే టైమర్ మీట చాలును. తల్లి చేపల తొట్లకు ఉదయం నిర్ణీత వేళకు దీపం వెలిగి, సాయంత్రం నిర్ణీత వేళకు ఆరిపోయేటట్లు అమర్చాలి. వెలిగే ముందు, ఆరే ముందు చిన్న దీపం ఒకటి పావుగంట ఉండేటట్లు చేస్తే మరీ మంచిది. రాత్రి తనిఖీ తప్పనిసరి అయితే మసక ఎర్ర వెలుతురు వాడవచ్చు. నార్వే సాల్మన్ కేంద్రాలలో శీతాకాలమంతా రాత్రింబవళ్ళు దీపాలు వెలిగించడం చేప తొందరగా పక్వానికి రాకుండా, మాంసం పెరిగేటట్లు చేయడానికి. బ్రిటన్ ట్రౌట్ కేంద్రాలలో పగటి నిడివిని మార్చి ఏడాది పొడవునా గుడ్లు తీయడం వాడుకలో ఉన్నది. దీపం ఒక్కటే, ఒకచోట గుడ్లను ఆపడానికి, మరొకచోట గుడ్లను తెప్పించడానికి. ఏ ప్రయోజనం కోసం వెలిగిస్తున్నారో ముందుగా నిర్ణయించుకోకుండా దీపాలు పెట్టడం వ్యర్థం.

తల్లి చేపల చెరువులలో పాటించదగినవి

హేచరీలకు ఖరీదైన యంత్రాలు లేకపోయినా చేయదగిన పనులున్నాయి. తల్లి చేపల చెరువులో నీటి లోతు వేసవిలో కనీసం ఒకటిన్నర, రెండు మీటర్లు ఉండాలి. లోతు ఉంటే పై నీరు మరిగినా అడుగు నీరు చల్లగా ఉంటుంది, చేప తనకు నచ్చిన వేడిమిని తానే వెదుక్కొంటుంది. బోరు నీటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా పెద్దగా మారదు. మే నెలలో అది చల్లదనాన్ని, డిసెంబరులో వెచ్చదనాన్ని ఇస్తుంది. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ గనుక గాలిలో చిలికి, జల్లుగా పడేటట్లు వదలాలి. జనవరిలో బోరు నీటితో చెరువును కొద్దిగా వెచ్చబరచి, మంచి మేత ప్రారంభించే హేచరీలో తల్లి చేపలు ఇరుగు పొరుగు వాటి కంటె ముందుగా పక్వానికి వస్తాయి.

చేపలను పట్టడం, బరువు తూచడం, తొట్టి నుంచి తొట్టికి మార్చడం తెల్లవారిన తరువాత చల్లని వేళలో పూర్తి చేయాలి. మధ్యాహ్నపు ఎండలో వల లాగిన చేపలో కార్టిసోల్ పెరిగి, గంటల తరబడి దిగదు. కార్టిసోల్ అధికంగా ఉన్నంతసేపు పక్వత హార్మోన్లు వెనుకబడతాయి. ఇంజెక్షన్ ఇవ్వదలచిన తల్లి చేపను రెండు, మూడు సార్లు చేతబట్టి పొట్ట నొక్కి చూడడం కొందరికి అలవాటు. అది మందు శక్తిని తగ్గించడమే. తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు కనిష్ఠ స్థాయిలో ఉంటుంది గనుక ఆ వేళకు ముందు వల వేయరాదు.

అన్నిటికంటె సులభమైనది, అన్నిటికంటె తక్కువగా అమలవుతున్నది నమోదు. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి, నీటి పైపొరలో గాక చేయి మోచేతి దాకా ముంచినంత లోతులో ఉష్ణోగ్రత తీసి పుస్తకంలో రాయాలి. జనవరి నుంచి జులై వరకు అటువంటి పుస్తకం ఉన్న హేచరీలో తల్లి చేపలు ఏ వారంలో సిద్ధమవుతాయో ముందుగానే అంచనా వేయవచ్చు. జిల్లా మత్స్య శాఖాధికారులు హేచరీలను తనిఖీ చేసేటప్పుడు తొట్ల సంఖ్య, ఇంజెక్షన్ల నిల్వతోపాటు ఈ పుస్తకాన్ని కూడ అడిగి చూడడం, చేప పిల్లల సరఫరా టెండర్ల తేదీలను ఆ వివరాల ఆధారంగా సవరించుకోవడం ప్రయోజనకరం. సాంకేతిక సలహాలకు హేచరీ నిర్వాహకులు తమ జిల్లా మత్స్య శాఖ కార్యాలయాన్ని, హైదరాబాద్‌లోని జాతీయ మత్స్య అభివృద్ధి మండలిని, విజయవాడలోని సిఫా ప్రాంతీయ కేంద్రాన్ని, కాకినాడలోని కేంద్రీయ మత్స్య విద్యా సంస్థ కేంద్రాన్ని సంప్రదించవచ్చు.